వంటింటికి నాలుగో గోడ లేకపోతే..?

మీరెప్పుడైనా ఒక సినిమాని కేవలం చెవులతో చూశారా?

"చెవులతో చూడటమేమిటండీ, మతి వుండే మాట్లాడుతున్నారా?" అని నవ్వుకోకండి. మా అమ్మ చూసింది. ఒకటీ రెండూ కాదు, లెక్కేస్తే వందకి తక్కువుండవు.

తెనాలిలో మేము అద్దెకున్న ఇంట్లో టీవీ వీధిగదిలో వుండేది. వంటిల్లు పెరటివైపు. మధ్యన పడగ్గది, దానికో తలుపు, తలుపుకో పరదా. సెలవు రోజు సాయంత్రం సినిమా మొదలయ్యేవేళకి నాన్నగారు పడక్కుర్చీలో, నేనూ అక్కా చాప మీద, పక్కవాటా పిల్లలు గుమ్మంలో సర్దుకునేవాళ్ళం. అమ్మ మాత్రం వంటింట్లో. టైటిల్స్ పడుతుంటే బియ్యం కడిగేది. హీరో హీరోయిన్లు అపార్థం చేసుకునేవేళకి కుక్కరు మూడో కూత. క్లైమాక్స్ వచ్చేసరికి పోపు! ఆ పోపు చిటపటల్లో ఎన్ని పతాక సన్నివేశాలు కలిసిపోయాయో ఆ భగవంతుడికే తెలియాలి.

అయినా అమ్మకి సినిమాలు తెలియవనుకుంటే మీరు పొరపాటు పడ్డట్టే. సూర్యకాంతం గొంతు ఇలా వినిపించిందో లేదో "ఇంకేముంది, ఆ కోడలుపిల్లకి మూడింది" అని వంటింట్లోంచే తీర్పు. నాగభూషణం సన్నగా నవ్వితే "వీడు సంతకం పెట్టించుకుంటాడు చూడండి" అని హెచ్చరిక. రేలంగి దగ్గుకీ రమణారెడ్డి దగ్గుకీ తేడా చెప్పగల మనిషి! తెలియనిదల్లా బొమ్మే.

'మాయాబజార్' చూడని తెలుగువాడుంటాడా? కె.వి.రెడ్డిగారు 1957లో తీసిన ఆ చిత్రంలో ఘటోత్కచుడి పెళ్ళి భోజనం పాటని అమ్మ ఎన్నిసార్లు విందో! మాధవపెద్ది సత్యం గొంతుతో బాటు తనూ కూనిరాగం తీసేది. కానీ అందులో లడ్డూలు తమంతట తామే గాల్లోకి లేచి ఎస్వీ రంగారావుగారి నోట్లోకి వెళతాయన్న సంగతి అమ్మకి చాలా ఏళ్ళు తెలియదు. అందరిలాగే చేత్తో తింటున్నాడనుకుంది. మార్కస్ బార్ట్‌లేగారి కెమెరా ఇంద్రజాలమంతా మా పడగ్గది గోడకి అవతలే ఆగిపోయింది మరి!

అందుకని అమ్మకి నేను వార్తాహరుణ్ణి. "ఒరేయ్, ఇప్పుడేమైందిరా?" అని వంటింట్లోంచి కేక వస్తుంది. నేను లేచి వెళ్ళి చెప్పి రావాలి. అసలే మంచి పట్టులో వుంటుంది కథ. లేస్తే ఒక సీను పోతుంది. అంచేత కూర్చున్న చోటినుంచే "ఏం లేదమ్మా, హీరో కొట్టాడు" అనేవాణ్ణి. కొట్టినా కొట్టకపోయినా అదే జవాబు. ఇలా అమ్మకి నేను చెప్పిన అబద్ధాలు చాలా వున్నాయి. వాటిల్లో ఒకటి మాత్రం పాతికేళ్ళ పైన బతికింది. ఆ సంగతి చివర్లో చెబుతాను. (సస్పెన్స్ లేనిదే సినిమా పత్రికలో వ్యాసమెలా అవుతుంది?)

మళ్ళీ అదే కేక

నాన్నగారు పోయాక అమ్మ హైదరాబాదులో మా దగ్గరికి వచ్చేసింది. యూసుఫ్‌గూడ వైపు మూడో అంతస్తులో రెండు పడగ్గదుల ఫ్లాటు. పాతికేళ్ళనాటి అపార్ట్‌మెంటు. హాలు ముందు, వంటిల్లు వెనక. మధ్యలో నడవా. నడవాకి అటొక పడగ్గది, ఇటొక బాత్రూము. అంటే తెనాలి ఇంటినే నిలువునా ఎత్తి మూడో అంతస్తులో పెట్టినట్టు! వంట ఇంక మేము చేస్తాం, కూర్చోమ్మా అంటే వినదు. మా ఆవిడ ఉద్యోగం నుంచి వచ్చేసరికి రాత్రి ఎనిమిదవుతుంది. నాలాంటి ఫ్రీలాన్సరు వేళాపాళా గురించి చెప్పేదేముంది!

ఒక రాత్రి మా ఆవిడా నేనూ ఏదో సినిమా చూస్తున్నాం. నడవా చివరినుంచి కేక. "ఇప్పుడేమైందిరా?"

"ఏం లేదమ్మా" అన్నాను.

అన్నాక నాకే గుండెలో ఎక్కడో కలుక్కుమంది. ముప్ఫై అయిదేళ్ళొచ్చాయి నాకు. సినిమాల గురించి రాసి పొట్టపోసుకుంటున్నాను. మా అమ్మకి మాత్రం ఇప్పటికీ ఎనిమిదేళ్ళ పిల్లాడి జవాబే చెబుతున్నాను. ఆ రాత్రే నిర్ణయించుకున్నాను. వంటింటిని హాల్లోకి తెచ్చేస్తాను!

"టీవీని వంటింట్లో పెడితే చవగ్గా పోతుంది కదా?" అంది మా ఆవిడ. లెక్క ప్రకారం ఆవిడ మాటే కరెక్టు. కానీ అమ్మకి కావలసింది టీవీ ఒక్కటే కాదు. పక్కన మనుషులుండాలి. ఒంటరిగా చూసే సినిమాలో హాస్యానికి నవ్వు రాదని మీకు వేరే చెప్పాలా?

సెట్లో అయితే పది నిమిషాలు!

మన సినిమాల్లో వంటిళ్ళని గమనించారా? 'గుండమ్మ కథ' (1962)లో రామారావుగారు రోటి దగ్గర కూర్చుని పిండి రుబ్బుతుంటే పక్కన సావిత్రి. మనకి ఆ ఇద్దరూ, రోలూ అన్నీ కనిపిస్తాయి. ఎలా కనిపిస్తాయి? మనం కూర్చున్నవైపు గోడ లేదు గనక! సెట్లో గదికి మూడే గోడలు. నాలుగోది కెమెరాకి వదిలేస్తారు. అవసరమైతే మిగిలిన మూడింట్లో ఒకదాన్నీ పక్కకి జరిపేస్తారు. ఇప్పుడు టీవీ సీరియళ్ళలో చూడండి, మేడమెట్లు, సోఫా, భోజనాల బల్ల, గ్యాసుపొయ్యి అన్నీ ఒకే చోట. అత్తగారు కోడల్ని తిట్టాలంటే గది మారనక్కర్లేదు!

కృష్ణానగర్‌లో నాకు తెలిసిన సెట్ మేస్త్రి ఒకాయనున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా చెక్కా, ప్లైవుడ్డూ, థర్మకోలుతో ఇళ్ళు కట్టి, కూల్చి, మళ్ళీ కట్టిన మనిషి. టీకొట్టు దగ్గర నా ఆలోచన చెప్పాను. వంటింటిని నడవా దాటించి హాలు పక్కనున్న భోజనాల మూలకి మార్చాలి, హాలుకీ ఆ మూలకీ మధ్యనున్న షోకేసు గోడ తీసెయ్యాలి. ఎన్నాళ్ళు పడుతుంది?

"సెట్ల అయితే పది నిమిషాలు సార్" అన్నాడు. టీ పూర్తిచేసి గ్లాసు కింద పెట్టి, "మీ ఇంట్ల గోడదేం లేదు, ఒక పూట పని. నీళ్ళు యాడికి పోతయో గది చెప్పుండ్రి ముందు. సెట్ల సింకు కింద బక్కెట్టు పెడ్తం. మీరు బక్కెట్టు పెట్టుకుంటరా?"

నాకు చప్పున 2021లో వచ్చిన మలయాళ చిత్రం 'ది గ్రేట్ ఇండియన్ కిచెన్' గుర్తొచ్చింది. జియో బేబీ తీసిన ఆ చిత్రంలో కొత్తకోడలు నిమిషా సజయన్. సింకు కింద పైపు కారుతుంటుంది. ప్లంబర్ని పిలిపించమని మొగుణ్ణి అడుగుతూనే వుంటుంది. ఆ మహానుభావుడికి గుర్తుండదు. ఆ మురికినీళ్ళ బక్కెట్టు చుట్టూనే కథ ఎక్కడికి వెళ్ళిందో చూసినవాళ్ళకి తెలుసు. మా ఇంట్లో ఆ బక్కెట్టు వద్దనుకున్నాను.

గోడలెన్ని రకాలు!

మీలో కొందరు రేపోమాపో ఇంటివాళ్ళవుతారు. ఫ్లాటు కొంటారు. అప్పుడు ఉపయోగపడుతుందని ఈ భాగం కాస్త వివరంగా రాస్తున్నాను, విసుక్కోకండి.

గోడ కనబడగానే సుత్తి ఎత్తకూడదు. మా అపార్ట్‌మెంటులాంటి వాటిల్లో పైకప్పు బరువు స్లాబు నుంచి దూలాలకీ, దూలాల నుంచి స్తంభాలకీ, స్తంభాల నుంచి పునాదికీ దిగుతుంది. మధ్యనున్న నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ కేవలం అడ్డుతెర. తన బరువు తప్ప ఎవరి బరువూ మొయ్యదు. దాన్ని తీస్తే కప్పుకేమీ కాదు. కానీ పాతకాలపు మేడల్లో స్తంభాలుండవు, గోడలే కప్పుని మోస్తాయి. అక్కడ గోడ తీస్తే ఇంకేమన్నా వుందా! ఇక ఇప్పుడు కడుతున్న పెద్ద పెద్ద టవర్లలో కొన్నింటికి అల్యూమినియం అచ్చులు పెట్టి గోడలు కూడా కాంక్రీటుతోనే పోస్తున్నారు. మివాన్ పద్ధతి అంటారు. ఆ గోడలే భవనానికి ఎముకలు. వాటి జోలికి వెళ్ళనే కూడదు. వంటిల్లు ఎక్కడుంటే అక్కడే దణ్ణం పెట్టుకోవాలి.

మేము స్ట్రక్చరల్ ఇంజనీర్ని పిలిచాం. ఆయన షోకేసు గోడ మీద చేత్తో తట్టి, పైన దూలం, పక్కన స్తంభం కొలిచి, పాత ప్లాను తెప్పించి చూసి, "గోడ తియ్యండి, దూలాన్నీ స్తంభాన్నీ గోకను కూడా గోకకండి" అన్నాడు. ఆ కాగితం పెట్టి అసోసియేషన్ అనుమతి అడిగాం. వాళ్ళు కింద ఫ్లాటువాళ్ళ ఒప్పుదల కూడా కావాలన్నారు. న్యాయమే కదా! మన తడి వాళ్ళ కప్పు మీద పడుతుంది. మేము వంట చెయ్యబోయే చోటు కింద వాళ్ళ దేవుడి గది వుందేమోనని అమ్మ భయం. వెళ్ళి చూసొచ్చింది. వాళ్ళకీ అది భోజనాల మూలేనట. అమ్మ మనసు సగం కుదుటపడింది.

మిగతా సగం వాస్తు. వంటిల్లు ఆగ్నేయంలో వుండాలి. పాతది వాయవ్యంలో వుండేది, 'ఫరవాలేదు' రకం. భోజనాల మూల అచ్చంగా ఆగ్నేయం! అమ్మ ముఖం విప్పారింది. కానీ వండే మనిషి తూర్పుకి తిరగాలి కదా? మా లెక్కలో ఉత్తరానికి తిరగాల్సొస్తోంది. అమ్మ ఒక రోజంతా ఆలోచించి, "ఉత్తరం కుబేరస్థానంలే, తప్పులేదు" అని తనే తీర్పు చెప్పేసింది. టీవీ వున్నది కూడా ఉత్తరపు గోడకేనన్న సంగతి నేను గుర్తు చెయ్యలేదు.

నీళ్ళు ఎటు పోతాయి?

ఇక సెట్ మేస్త్రి అడిగిన ప్రశ్న.

మొదట వచ్చిన కాంట్రాక్టరు కొత్త సింకు నీళ్ళని పాత వంటింటి పైపుకే కలుపుతానన్నాడు. దూరం 30 అడుగులు. వాడిన నీళ్ళు వాటంతటవే పారాలంటే ప్రతి 40 అంగుళాలకి ఒక అంగుళమైనా వాలుండాలి. 30 అడుగులంటే 360 అంగుళాలు. అంటే పైపు ఒక కొస రెండో కొసకంటే 9 అంగుళాలు పైన! దాన్ని దాచాలంటే నడవా నేలంతా ఎత్తుచెయ్యాలి. మా ఇంట్లో హాలు నుంచి పడగ్గదికి వెళ్ళాలంటే మెట్టెక్కి మెట్టు దిగాలన్నమాట. అరవై దాటిన మనిషి వున్న ఇంట్లో! కాంట్రాక్టరు దగ్గర దానికీ జవాబుంది. "స్లాబు కొంచెం చెక్కేద్దాం సార్." అతనికి టీ ఇచ్చి పంపించేశాం.

దారి చూపించింది ప్లంబరు కుర్రాడు. ఇరవై మూడేళ్ళుంటాయేమో. భోజనాల మూలలో నిలబడి నేల చూడలేదు, గోడ చూశాడు. చేతులు కడుక్కునే వాష్ బేసిన్ చూపించి, "ఈ నీళ్ళు ఎక్కడికి పోతున్నయి సార్?" అన్నాడు. పాతికేళ్ళుగా ఆ బేసిన్ అక్కడే వుంది. మాకెవరికీ తట్టలేదు! దాని వెనక ఆరడుగుల దూరంలో బాత్రూము తాలూకు డక్ట్ వుంది. అందులో రెండు నిలువు గొట్టాలు. ఒకటి మరుగుదొడ్డిది, రెండోది స్నానపు నీళ్ళది. వంటింటి నీళ్ళు ఆ రెండోదాంట్లోనే కలపాలి, మొదటిదాని జోలికి వెళ్ళకూడదు. ఆరడుగులకి వాలు రెండంగుళాలు కూడా అక్కర్లేదు. పైపు నేలలోంచి కాకుండా అరల వెనక, గోడ వెంబడే పోతుంది. స్లాబుకి ఒక్క ఉలిదెబ్బ పడదు.

అయితే బేసిన్ పైపు మరీ సన్నం. వంటింటి నీళ్ళలో నూనె జిడ్డు, మెతుకులు, టీపొడి అన్నీ వస్తాయి. అంచేత 3 అంగుళాల పైపు వేయించాం. మధ్యలో ట్రాపు పెట్టాం. ట్రాపంటే వంపు తిరిగిన ముక్క. అందులో ఎప్పుడూ కొంచెం నీళ్ళు నిలిచివుంటాయి. కింది నుంచి వచ్చే కంపునీ, బొద్దింకల్నీ ఆపేది ఆ గుక్కెడు నీళ్ళే! కథానాయకుడి పక్కనుండే స్నేహితుడి పాత్రలాంటిది. ఎవరూ గుర్తుంచుకోరు, లేకపోతే కథ నడవదు.

గ్యాసు సంగతికొస్తే, మన సిలిండర్లలో వుండే గ్యాసు గాలికంటే బరువు. లీకయితే పైకి పోదు, నేల మీద పరుచుకుంటుంది. కిటికీ తెరిచినా పోదన్నమాట. కింద దారి వుండాలి. మాకు దక్షిణాన బాల్కనీ వుంది గనక సిలిండరు అక్కడ నిలబెట్టి, గ్యాసు ఏజెన్సీ మెకానిక్ చేతే రాగిగొట్టం వేయించాం. రబ్బరు ట్యూబుని గోడలోంచి దూర్చకూడదు, లోపల పగిలినా కనబడదు. నగరంలో కొన్నిచోట్ల పైపుల్లో వచ్చే సహజవాయువు దీనికి పూర్తిగా వ్యతిరేకం. అది తేలిక, పైకి పోతుంది. దానికి దారి పైన వదలాలి. ఆ లైను మార్చాలంటే ఆ కంపెనీవాళ్ళే రావాలి, మనం చెయ్యి పెట్టకూడదు.

అమ్మ వీపా, అమ్మ ముఖమా?

ఇదంతా ఒక ఎత్తు, స్టవ్ ఎక్కడ పెట్టాలన్నది ఒక ఎత్తు.

గోడవారగా పెడితే అన్నీ సుఖమే. పొగ లాగే చిమ్నీ గోడకే బిగించొచ్చు. ఖర్చూ తక్కువ. కానీ వండే మనిషి ముఖం గోడవైపు, వీపు టీవీవైపు! ఇంత చేసి అమ్మకి మళ్ళీ చెవులే మిగులుతాయి. హాలువైపు గట్టు కట్టి దాని మీద స్టవ్ పెడితే అమ్మ మా ముఖాలూ చూస్తుంది, తెరా చూస్తుంది. కానీ చిమ్నీ కప్పు నుంచి వేలాడాలి. దాని గొట్టం బాల్కనీదాకా వెళ్ళాలి. పైగా హాల్లో సీలింగ్ ఫ్యాను! మే నెలలో ఫ్యాను వేస్తే మంట గాలికి ఊగిపోతుంది, ఆపితే మనం ఊగిపోతాం.

నేను రెండోదానికే ఓటేశాను. మంటకి అడ్డుగా గట్టు మీద హాలువైపు తొమ్మిదంగుళాల ఎత్తున చిన్న పిట్టగోడ కట్టించాం. వచ్చినవాళ్ళకి ఎంగిలి గిన్నెలు కనబడకుండా అదే మరుగు. దాని మీదే పళ్ళేలు పెట్టుకుని ఎత్తు స్టూళ్ళ మీద కూర్చుని తినొచ్చు కూడా. గట్టు ఎత్తు అమ్మ మోచేతికి నాలుగంగుళాలు కిందకి కొలిచి పెట్టాం. అందరిళ్ళలో మేస్త్రీలు తమ అలవాటు ప్రకారం కట్టేస్తారు, ఆడవాళ్ళు జన్మంతా భుజాలు నొప్పులని తిరుగుతుంటారు. పైన రాయి ప్రకాశం జిల్లా చీమకుర్తిది. నల్లటి రాయిలో బంగారు చుక్కలు. అమ్మ ముచ్చటపడి ఎంచుకుంది. ఇప్పుడు బియ్యప్పిండి రేణువు పడినా కనిపిస్తోందని రోజుకి పదిసార్లు తుడుస్తోంది, అది వేరే కథ.

ఒక్కచోట బోల్తా పడ్డాను. చిమ్నీ అమ్మిన కొట్టువాడు "గొట్టమే అక్కర్లేదు సార్, లోపల బొగ్గు వుంటుంది, వాసనంతా పీల్చేస్తుంది" అన్నాడు. నమ్మాను. తొలిరోజు అమ్మ ఎండుమిరపకాయల పోపు వేసింది. సోఫాలో మా ఆవిడ, ఆవిడ తమ్ముడు, నేను, ముగ్గురం ఒకేసారి దగ్గటం మొదలెట్టాం. బాల్కనీలోకి పరుగు! గొట్టంలేని చిమ్నీ నూనె జిడ్డుని పట్టి గాలిని మళ్ళీ గదిలోకే వదులుతుంది. వేడీ, ఆవిరీ ఎక్కడికీ పోవు. ఉడకబెట్టుకుని తినేవాళ్ళకి చాలునేమో గానీ ఆంధ్రా పోపు ముందు అది ఎక్‌స్ట్రా ఆర్టిస్టు కిందే లెక్క. వారం తిరక్కుండా దాన్ని సగం ధరకి వదిలించుకుని, ఆరంగుళాల గొట్టమున్నది పెట్టించాం. గొట్టానికి వంపులెంత తగ్గితే పీల్పు అంత బాగుంటుందట. మాకు రెండు వంపులు తప్పలేదు. చేపల పులుసు రోజున సోఫా గుడ్డకి ఇప్పటికీ కొంచెం వాసన పడుతూనే వుంటుంది. దాచి లాభమేముంది!

మొత్తం రూ. 3,40,000 అయింది. ఇరవై ఆరు రోజులు. ఆ రోజుల్లో కర్రీ పాయింట్ల ధర్మమా అని బతికాం.

గోడ తీస్తే ఏమేం కనబడ్డాయి?

వంటింటిని వేరే గదిగా దాచెయ్యటం మనకొక్కరికే వున్న అలవాటు కాదు. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో కార్మికుల ఇళ్ళ కోసం మార్గరెటె షుట్టె-లిహోట్స్కీ అనే ఆర్కిటెక్టు ఒక వంటింటికి నమూనా గీసింది. వెడల్పు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు. రైలు భోజనశాలలో వంటగదిలాగ, చెయ్యి చాపితే అన్నీ అందేట్టు. అలాంటివి దాదాపు పదివేల ఇళ్ళలో బిగించారు. గృహిణికి అడుగులు కలిసొచ్చాయి, శ్రమ తగ్గింది. కానీ అందులో ఒక్క మనిషే పడుతుంది! తర్వాత వచ్చిన విమర్శా అదే, ఆడమనిషిని ఒంటరిని చేసిందని. 1937లో అమెరికాలో ఫ్రాంక్ లాయిడ్ రైట్ కట్టిన జేకబ్స్ వారింట్లో వంటచోటు మనుషులు కూర్చునే చోటులోకి తెరుచుకుంది. మన మండువా ఇళ్ళలో మడి, ఆచారం గనక వంటిల్లు లోపలెక్కడో వుండేది, సరే. ఫ్లాట్లలో మడి పోయినా గోడ మిగిలింది.

గోడ తీస్తే ఆడవాళ్ళ కష్టాలు తీరిపోతాయని నేను చెప్పబోవటం లేదు. మా ఆవిడ మొదటి రోజే అనేసింది. "గోడ మారింది సరే, గరిటె పట్టుకునే చెయ్యి మారిందా?" నిజమే. వంటింట్లో ఒకరు చెమటలు కక్కుతుంటే హాల్లో ఒకరు కాళ్ళు చాపుక్కూర్చోటం వెనకటినుంచీ వున్నదే. తేడా ఏమిటంటే ఇదివరకు కాళ్ళు చాపినవాడు కనబడేవాడు కాదు. ఇప్పుడు ఎదురుగా కనబడతాడు! నేనే ఆ నటుణ్ణి. రెండ్రోజులు సిగ్గుపడి మూడోరోజు నుంచి కూరలు తరగటం మొదలెట్టాను. బెండకాయలు ఇప్పుడు ఒకే సైజులో వస్తున్నాయి.

అమ్మకీ ఫిర్యాదులున్నాయి. ఎవరొచ్చినా వంటిల్లు చూస్తున్నారు. "మన వంటిల్లు మనం తప్ప పరాయివాళ్ళు చూడటమేమిట్రా, నలుగురిలో తల దువ్వుకున్నట్టుంది" అంటుంది. అందుకని కప్పుకి పట్టాలు బిగించి ఒక పరదా వేయించాం. బంధువులొస్తే సగం లాగుతుంది. అదో రకం నాలుగో గోడ, వుందంటే వుంది, లేదంటే లేదు. మిక్సీ ఇంకో పెద్ద గొడవ. అది తిరిగితే డైలాగు వినబడదు. అమ్మే రూలు పెట్టింది, పచ్చడి ప్రకటనలప్పుడే. ప్రకటనలు అయిపోతే రోటిపచ్చడిలా కచ్చాపచ్చాగానే తినాలి.

ఇదిగో ఆ అబద్ధం

అసలు కథ మిగిలిపోయింది కదూ!

పని అయిన నెలకి, ఒక ఆదివారం, టీవీలో 'సాగర సంగమం' వేశారు. కె.విశ్వనాథ్ గారి దర్శకత్వంలో 1983లో వచ్చిన చిత్రం. కమలహాసన్, జయప్రద, శరత్‌బాబు. ఇళయరాజా సంగీతం. అమ్మకి అందులో పాటలన్నీ కంఠతా వచ్చు. తెనాలి ఇంట్లో వచ్చినప్పుడు వంటింట్లోంచే మొత్తం విన్నది. ఆ చిత్రం చివర మీకు తెలుసు కదా. రోగంతో తీసిపోయిన బాలు చక్రాల కుర్చీలో కూర్చుని వుంటాడు. వేదిక మీద శిష్యురాలు నాట్యం చేస్తుంటుంది. ఆ నాట్యం చూస్తూనే అతని ప్రాణం పోతుంది. ఎవరూ కేక పెట్టరు. నాట్యం ఆగకూడదని మిత్రుడు చప్పుడు కాకుండా కుర్చీ బయటికి నడిపించుకుపోతాడు. బయట వాన. విశ్వనాథ్ గారు ఆ చావుని మాటల్లో చెప్పించలేదు. చూసినవాళ్ళకే తెలుస్తుంది.

వినేవాళ్ళకి? పాట వినిపిస్తుంది, వాన వినిపిస్తుంది, అంతే.

ఆనాడు అమ్మ వంటింట్లోంచి అడిగింది. "ఏమైందిరా చివరికి?" నాన్నగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. అక్క వెక్కుతోంది. ఎనిమిదేళ్ళవాణ్ణి, నాకు ఏడుపొస్తోందని చెప్పటం నామోషీ. "ఏం లేదమ్మా, డాన్సు చూసి ఇంటికెళ్ళిపోయాడు" అన్నాను.

ఈ ఆదివారం అమ్మ గట్టు దగ్గర నిలబడి వంకాయ కూర వేయిస్తోంది. నేను ఇవతల స్టూలు మీద కొత్తిమీర తుంచుతున్నాను. ఆ సీను వచ్చింది. అమ్మ గరిటె తిప్పటం ఆపేసింది. నేను తెరవైపు చూడలేదు, అమ్మ ముఖమే చూస్తున్నాను. కుర్చీ కదిలింది. వాన మొదలైంది.

"పోయాడా?" అంది అమ్మ.

నేనేం మాట్లాడలేదు.

"ఇంటికెళ్ళాడన్నావు?"

"అప్పుడు నాకు ఎనిమిదేళ్ళమ్మా" అన్నాను.

"అదేమిట్రా... ఇన్నేళ్ళూ బతికేవున్నాడనుకుంటున్నాను" అంది. కొంగుతో కళ్ళొత్తుకుంది. పోపు ఘాటుకి కాదు, చిమ్నీ బాగానే పీలుస్తోంది. తర్వాత ఆఖరి అక్షరాలు పడేదాకా తెరవైపే చూస్తూ నిలబడింది.

వంకాయ కూర అడుగంటిపోయింది. ఆ మాట ఎవరూ ఎత్తలేదు. మా ఆవిడ వచ్చి స్టవ్ ఆర్పి, పెరుగు గిన్నె తెచ్చి పిట్టగోడ మీద పెట్టింది.